తెల్లవైను రుచికి తోట చోటే మూలం

(ద్రాక్ష రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది పండుగా తినే ద్రాక్షను పెంచి అనుభవం గడించినవారు. అనాబ్-ఎ-షాహీ, థాంప్సన్ సీడ్‌లెస్ వంటి రకాల గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే కొంతకాలంగా వైను ద్రాక్ష మాట కూడా మన పల్లెల్లో వినబడుతున్నది. “నాసిక్ వారు వేశారు, మాకు రాదా? ఫ్రాన్సు రకం తెప్పించి నాటితే ఫ్రాన్సు వైను కాదా?” అని అడిగేవారు ఉన్నారు. రకాన్ని కొని తెచ్చుకోవచ్చును గాని, చోటును తెచ్చుకోలేము. ఈ సంగతి సరిగా తెలియక తోట వేస్తే, రాతి స్తంభాలకు, తీగెకు, అంట్లకు, డ్రిప్పుకు పెట్టిన డబ్బు ఇరవై ఏళ్లు చిక్కుపడిపోతుంది. అందువల్ల చోటు అనేది తెల్లవైను రుచిని ఎట్లా తీర్చిదిద్దుతుందో ఈ పూట మనవి చేస్తాను.

చోటు అంటే ఇందులో మూడు అంశాలు ఇమిడి ఉన్నవి. మొదటిది తోట పడక, అంటే వాలు, ఎత్తు, అది చూసే దిక్కు. రెండవది నేల. మూడవది శీతోష్ణస్థితి. ఈ మూడూ చేసే పనులు వేరువేరు. ఒకదాని పని మరొకదానికి అంటగట్టడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతున్నవి.

తెల్లవైనునే ఎందుకు చూడవలెను?

ఎర్రవైను చేసేటప్పుడు నల్లద్రాక్షను తొక్కతో, గింజతో కలిపి పులియబెడతారు. రంగు, వగరు తొక్కనుండి, గింజనుండి రసంలోకి దిగుతవి. తెల్లవైనుకు సాధారణంగా కాయను పిండి, తొక్కను వెంటనే వేరుచేసి, రసాన్ని మాత్రమే పులియబెడతారు. వగరు చాలా తక్కువ. మిగిలేవి పులుపు, సువాసన, ఆల్కహాలు. పులుపు చాలకపోతే కప్పిపుచ్చడానికి ఏమీ ఉండదు. కాబట్టి కాయ ఎటువంటి చోట పండిందో తెల్లవైనులో సులభంగా పట్టుబడుతుంది.

ద్రాక్షలో ముఖ్యంగా రెండు పులుపులు ఉన్నవి. ఒకటి టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉండే పులుపు అదే. రెండవది మాలిక్ ఆమ్లం. ఆపిల్ కాయలో ఉండే పులుపు. కాయ పండేకొద్దీ చక్కెర పెరుగుతుంది, మాలిక్ ఆమ్లం తరుగుతుంది. కాయ కూడా మనవలెనే శ్వాసిస్తుంది. ఆ శ్వాసలో మాలిక్ ఆమ్లం ఖర్చయిపోతుంది. వేడి ఎక్కువైతే ఖర్చు కూడా ఎక్కువ. రాత్రులు చల్లగా ఉంటే పులుపు నిలుస్తుంది. ఇక చక్కెర సంగతి: లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే, నూటికి ఒక పాలు ఆల్కహాలు అవుతుంది. తగినంత చక్కెర చేరేనాటికి తగినంత పులుపు మిగిలి ఉండవలెను. తెల్లవైను తోట యజమాని కష్టమంతా ఈ తూకం కోసమే. ఈ తూకాన్ని చోటు ఎట్లా నిర్ణయిస్తుందో చూడడానికి ఫ్రాన్సు దేశంలోని షాబ్లీ అనే ఊరిని ఉదాహరణగా తీసుకుందాము.

షాబ్లీ తోటలు

షాబ్లీ చిన్న ఊరు. పారిసు నగరానికి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సెరాన్ అనే చిన్న నది ఒడ్డున ఉన్నది. అక్కడ షాబ్లీ పేరుతో అమ్మే వైనుకు ఒకే రకం ద్రాక్ష వాడవలెను. దాని పేరు షార్దొనే. ఈ నిబంధనలతో షాబ్లీ పేరుకు 1938లో చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది.

రకం ఒక్కటే అయినా వైనులో నాలుగు తరగతులు ఉన్నవి. పెటి షాబ్లీ, షాబ్లీ, ప్రెమియె క్రు, గ్రాన్ క్రు అని వాటి పేర్లు. ధర కూడా ఈ వరుసలోనే పెరుగుతుంది. ఈ తరగతులకు ఆధారం చోటు. ఊరికి ఎదురుగా, నదికి కుడివైపున, నైరుతి దిక్కుగా వాలిన ఒకే ఒక గుట్ట ఉన్నది. అన్నిటికన్న పై తరగతి అయిన గ్రాన్ క్రు తోటలన్నీ ఆ గుట్ట మీదనే ఉన్నవి. లే క్లో, వోదేసీర్, వాల్మూర్ మొదలుగా వాటికి ఏడు పేర్లు. మొత్తం విస్తీర్ణం సుమారు 100 హెక్టార్లు, అంటే మన 250 ఎకరాలు. షాబ్లీ తోటలన్నీ కలిపి నేడు 5,500 హెక్టార్లకు పైబడి ఉన్నవి. వాటిలో ఈ గుట్టకే అంత గౌరవం ఎందుకు కలిగింది?

వాలు చేసే పని

షాబ్లీ సుమారు 48 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. మన హైదరాబాదు 17 డిగ్రీలకు కాస్త పైన. సెప్టెంబరు 23 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు 72 డిగ్రీల ఎత్తున, అంటే దాదాపు నడినెత్తిన ఉంటాడు. అదే రోజు షాబ్లీలో 42 డిగ్రీల ఎత్తుకు మించడు. ఏటవాలుగా పడిన ఎండ నేలమీద పలచగా పరచుకుంటుంది. టార్చిలైటును నేలకు నిటారుగా పట్టి చూడండి, తరువాత పక్కకు వంచి చూడండి. వంచినప్పుడు వెలుగు వెడల్పై మసకబారుతుంది. అదే నేల దక్షిణ దిక్కుగా 20 డిగ్రీలు వాలి ఉంటే, ఆ మధ్యాహ్నం వేళ చదునునేల కన్న దాదాపు మూడో వంతు ఎక్కువ ఎండ దానిమీద పడుతుంది. చలిదేశంలో ఈ మూడో వంతే కాయ పండడానికి, పండకపోవడానికి మధ్యనున్న తేడా.

జర్మనీలో మోసెల్ నది లోయలో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. ఆ లోయ సుమారు 50 డిగ్రీల అక్షాంశంలో ఉన్నది. బ్రెమ్ అనే గ్రామం దగ్గర కాల్మాంట్ గుట్ట మీద తోటలు గోడవలె నిలిచి ఉంటవి. కొన్నిచోట్ల వాలు 60 డిగ్రీలు దాటుతుంది. అక్కడ నేలంతా నల్లని పలకరాయి ముక్కలు. అవి పగలు కాగి, సాయంకాలం ఆ వేడిని తీగెలకు తిరిగి ఇస్తవి. ఆ గుట్టల మీద పండే రీస్లింగ్ రకం నుండి నూటికి 8 పాళ్ల ఆల్కహాలుతో, మిక్కిలి పులుపుతో తేలికైన తెల్లవైను కూడా తయారవుతుంది. అంత కష్టపడి కొండ ఎక్కి సేద్యం చేయడానికి కారణం ఎండ ఒక్కటే. చదునునేలలో ఆ రకం సరిగా పండని ఏడు ఎక్కువ.

వాలు చేసే పని మరొకటి కూడా ఉన్నది. “నీరు పల్లమెరుగు” అంటాము గదా. చలిగాలి కూడా పల్లమెరుగును. మేఘాలు లేని రాత్రి నేల చల్లబడినప్పుడు, దాన్ని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, గుట్టమీదినుండి జారి లోయలో మడుగు కడుతుంది. కాబట్టి గుట్ట నడిమి భాగం వెచ్చగా, లోయ అడుగు చల్లగా ఉంటుంది. గుట్ట నెత్తిన గాలి తాకిడి ఎక్కువ. షాబ్లీలో నడిమి వాలుకు విలువ రావడానికి ఇది ఒక కారణం.

మంచు చేసిన నష్టం, నీరు చేసిన మేలు

షాబ్లీ రైతుకు వసంతకాలపు గడ్డమంచు ప్రాణాంతకమైన శత్రువు. చలికాలమంతా నిద్రించిన ద్రాక్ష తీగె మార్చి చివర, ఏప్రిల్‌లో కళ్లు విప్పుతుంది. మే నడుమ వరకు మంచు భయం తీరదు. సున్నాకు దిగువ రెండు డిగ్రీల చలి తగిలితే లేత చిగురు మాడిపోతుంది. ఒక్క రాత్రిలో ఏడాది పంట పోతుంది.

పంతొమ్మిదవ శతాబ్దం చివర ఆ ప్రాంతాన్ని బూడిద తెగులు, తరువాత ఫిల్లాక్సెరా అనే వేరు పేను దెబ్బతీసినవి. రైలుమార్గం పడి దక్షిణాది చవకవైను పారిసు బజారును నింపింది. వీటికి మంచు తోడైంది. చేసేది లేక రైతులు తోటలు వదిలివేశారు. 1950 దశకం నాటికి షాబ్లీలో మిగిలినవి సుమారు 500 హెక్టార్లు మాత్రమే. అంత పేరున్న ఊరు దాదాపు అంతరించిపోయే స్థితికి వచ్చింది.

ఆ దశకం చివరినుండి రైతులు రెండు ఉపాయాలు చేపట్టారు. ఒకటి, వరుసల మధ్య నూనె కుంపట్లు పెట్టి గాలిని వేడిచేయడం. రెండవది వింటే ఆశ్చర్యం కలుగుతుంది: మంచు పడే రాత్రి తీగెలమీద నీళ్లు చిలకరించడం! దీనిలోని కిటుకు ఇది. నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని వేడిని బయటకు వదులుతుంది. ఒక లీటరు నీరు గడ్డకడితే వచ్చే వేడి, 80 డిగ్రీల వేడినీళ్లు లీటరు పూర్తిగా సున్నాకు చల్లారితే వచ్చే వేడికి సమానం. చిగురు చుట్టూ మంచుపొర ఏర్పడుతుంది, పైన నీరు పడుతూ ఉన్నంతసేపు లోపల వేడి సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, చిగురు బతుకుతుంది. అయితే తెల్లవారి ఎండకు మంచు కరిగేదాకా నీరు ఆగరాదు. మధ్యలో ఆగితే అసలు చిలకరించని తోటకన్న ఎక్కువ నష్టం. ఇందుకోసమే బేన్ అనే గ్రామం దగ్గర ఒక చెరువు తవ్వి నీరు నిలువ చేసుకున్నారు. మనం ఎండకు చెరువు తవ్వుకుంటాము, వారు మంచుకు తవ్వుకున్నారు.

ఈ రక్షణ దొరికిన తరువాత తోటలు మళ్లీ విస్తరించినవి. అయినా భయం పూర్తిగా తీరలేదు. 2016లోను, 2021 ఏప్రిల్‌లోను మంచు అక్కడ తీవ్రనష్టం కలిగించింది. భూమి వేడెక్కుతున్నకొద్దీ తీగె ముందుగా చిగురిస్తున్నది. మంచు మాత్రం తన వేళకు తాను వస్తున్నది. వేడి పెరిగితే మంచు బాధ తప్పుతుందనుకోవడం సరికాదని దీనివల్ల తెలుస్తున్నది.

నేల చేసే పని

ఇక నేల సంగతి. సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రిందట షాబ్లీ ప్రాంతం వెచ్చని, లోతులేని సముద్రం. ఆ అడుగున పేరుకొన్న సున్నపురాయి, సున్నం కలిసిన బంకమన్ను పొరలుపొరలుగా ఉన్నవి. మట్టిలో చిన్నచిన్న ఆల్చిప్పలు నేటికీ కనబడతవి. ఇంగ్లండులోని కిమ్మెరిడ్జ్ గ్రామం పేరుమీద శాస్త్రజ్ఞులు దీన్ని కిమ్మెరిడ్జియన్ నేల అంటారు. గ్రాన్ క్రు గుట్ట నేల ఇదే. పై మిట్టలమీద పోర్ట్‌లాండియన్ అనే గట్టి సున్నపురాయి ఉన్నది. పెటి షాబ్లీ తోటలు ఎక్కువగా అక్కడివి.

షాబ్లీ వైను తాగినవారు అందులో రాతి రుచి, ఆల్చిప్ప రుచి ఉన్నదంటారు. వేరు రాతిని కరిగించి ఆ రుచిని కాయకు పంపుతుందని చాలామంది నమ్మకం. ఇది నిజం కాదు. వేరు పీల్చేది నీటిలో కరిగిన పోషకలవణాలను మాత్రమే. వైనులో అవి చేరే పరిమాణం మిక్కిలి స్వల్పం. నాలుకకు తెలిసేటంత కాదు. వేల్స్ దేశపు అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం బోధించిన అలెక్స్ మాల్ట్‌మన్ అనే ఆచార్యుడు 2018లో వెలువడిన తన గ్రంథంలో ఈ విషయం విపులంగా చర్చించాడు. ఆ వైనులో రాయివంటి రుచి అని చెప్పుకునేదానిలో పులుపుకే పెద్ద పాలు ఉన్నది.

మరి నేలకు పని లేదా? ఉన్నది. అది రుచి పంపే పని కాదు, నీటిని పంచే పని. బంకమన్ను వాననీటిని పట్టి ఉంచుతుంది. పగిలిన సున్నపురాయి మిగులు నీటిని కిందికి జారవిడుస్తుంది. వేరు ఊపిరాడక కుళ్లదు, దాహంతో ఎండిపోదు. కాయ రంగు మారే వేళకు నీరు కాస్త బిగువుగా అందుతుంది. అప్పుడు తీగె కొత్త రెమ్మలు వేయడం మాని, తన బలాన్ని కాయకు పెడుతుంది. నీరు, నత్రజని అతిగా అందే నేలలో తీగె ఆకుకే పోతుంది; గుత్తులు నీడలో పడి, కాయ పలచబడి, సువాసన తగ్గుతుంది. బలమైన నేలే మంచి నేల అనే మన లెక్క వైను ద్రాక్షకు ఎల్లప్పుడూ పొసగదు.

నేలకు, వాలుకు ఏది గొప్ప అని షాబ్లీలోనే పెద్ద తగవు నడిచింది. తోటలు విస్తరిస్తున్న 1970 దశకంలో రైతులు రెండు పక్షాలైనారు. కిమ్మెరిడ్జియన్ నేల దాటితే షాబ్లీ పేరు పెట్టరాదని విలియం ఫెవ్ర్ పక్షం వాదించింది. వాలు, దిక్కు, ఎండ బాగుంటే పక్కనేల కూడా పనికివస్తుందని జాన్ దురుప్ పక్షం వాదించింది. చివరకు విస్తరణకే దారి దొరికింది. అయితే గ్రాన్ క్రు గుట్ట గౌరవం చెక్కుచెదరలేదు. ఎందుకంటే అక్కడ నేల, వాలు, దిక్కు మూడూ ఒకేచోట కుదిరినవి.

ఒకే రకం, వేరు వాతావరణం

అదే షార్దొనేను షాబ్లీకి దక్షిణంగా, అదే బర్గండీ సీమలో ఉన్న మెర్సో గ్రామంలో నాటితే నిండుగా, పులుపు కొంచెం మెత్తబడి ఉండే వైను వస్తుంది. కాలిఫోర్నియా వెచ్చని లోయలలో నాటితే పండిన పండ్ల వాసనతో, ఎక్కువ ఆల్కహాలుతో వస్తుంది. చలిచోట ఆకుపచ్చ ఆపిల్, నిమ్మ వాసనలు; వెచ్చని చోట అనాస, అరటి వంటి వాసనలు. పీపాల్లో ఉంచే పద్ధతివల్ల కొంత తేడా వస్తుందనుకోండి. కాని పులుపుకు, చక్కెరకు ఉన్న తూకం తోటలోనే తేలిపోతుంది.

మన దక్కను మాటేమిటి?

మన దక్కనులో తీగె చలినిద్ర పోదు. ఏడాది పొడుగునా పెరగజూస్తుంది. అందుకే మనం రెండు కత్తిరింపులు చేస్తున్నాము: ఏప్రిల్‌లో రెమ్మకోసం, అక్టోబరు ప్రాంతంలో కాయకోసం. షాబ్లీ రైతుకు రుతువు చేసిపెట్టే పనిని మనకు కత్తెర చేసిపెడుతున్నది. ఇది మన చేతిలోని గొప్ప సాధనం. కాయ ఏ నెలలో పండవలెనో కొంతమేరకు మనమే నిర్ణయించుకోవచ్చు.

నాసిక్ ప్రాంతం సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ వర్షం వెనుకబడ్డాక కాయ కత్తిరింపు చేస్తారు. జనవరి నుండి మార్చి వరకు, పగలు ఎండగాను రాత్రి చల్లగాను ఉండే పొడికాలంలో కాయ పండుతుంది. అక్కడ తెల్లవైనుకు షార్దొనే కన్న షెనిన్ బ్లాన్, సావిన్యో బ్లాన్ రకాలు ఎక్కువగా వేశారు. వారు షాబ్లీ వైను కోసం పాకులాడలేదు. తమ చోటుకు నప్పే రకాన్ని, నప్పే నెలను వెతుక్కున్నారు.

మన రాష్ట్రాలలో వైను ద్రాక్ష వేయదలచినవారు ఈ సంగతులు చూసుకొనవలెను.

ఒకటి: కాయ పండే నెలల్లో మీ ఊరి రాత్రి వేడి ఎంత? ఉష్ణమాపకం ఒకటి కొని, పొలంలోనే నీడపట్టున కట్టి, రెండేళ్లు రాసిపెట్టండి. సముద్రతీరంలో రాత్రులు వెచ్చగా, గాలి తేమగా ఉంటుంది. అక్కడ పులుపు నిలవదు, తెగుళ్లు ఎక్కువ. హైదరాబాదు చుట్టుపట్ల మిట్టనేలలు, మదనపల్లె వంటి 700 మీటర్ల ఎత్తు సీమలు ఇంతకన్న మేలు. మార్చి దాటితే ఎండ ముదిరి పులుపు పడిపోతుంది. కాబట్టి కోత అంతకుముందే ముగిసేట్టు కత్తిరింపు తేదీని వెనక్కు లెక్కించుకొనవలెను.

రెండు: పొలంలో పల్లం ఎక్కడ? మనకు గడ్డమంచు భయం లేదు. కాని పల్లంలో నీరు నిలుస్తుంది, తేమగాలి ఆగుతుంది, బూజు తెగులు పుడుతుంది. నీరు జారే మెరకనే ఎంచుకొనవలెను. షాబ్లీవలె దక్షిణ వాలు వెతకనక్కరలేదు. మనకు ఎండ కరువు కాదు. గుత్తిమీద మధ్యాహ్నపు ఎండ నేరుగా పడకుండా ఆకు నీడ ఉండేట్టు వరుసల దిక్కు, పందిరి కట్టు చూసుకొనవలెను.

మూడు: మూడడుగుల గొయ్యి తవ్వి చూడండి. పైమట్టి చూసి మోసపోకండి. కింద చౌడు ఉన్నదా, సున్నపు గడ్డల పొర ఉన్నదా, నీరు పోస్తే ఎంతసేపటికి ఇంకుతుంది? మట్టిని, బోరు నీటిని పరీక్షకు పంపండి. ఉప్పు, ఎద్దడి ఉన్నచోట డాగ్‌రిడ్జ్ వంటి వేరుమూలం మీద కట్టిన అంట్లు వాడవలెను. లోతైన నల్లరేగడి కన్న మొరం కలిసిన ఎర్రనేలలో తీగెను అదుపులో ఉంచడం సులభం.

నాలుగు: కాయ సైజు మీద మోజు వదలండి. తినే ద్రాక్షకు జిబ్బరెలిక్ ఆమ్లం కొట్టి కాయ పెంచుతాము. వైనుకు చిన్న కాయే మేలు. కోతకు ముందు చక్కెరను మాత్రమే కాక, పులుపును కూడా పరీక్షించవలెను. తెల్లవారకముందే కోసి, కాయ వేడెక్కకముందే చేర్చవలెను.

ఐదు: ఈ కాయను సంతలో అమ్ముకోలేము. చిన్నది, గింజ ఎక్కువ, తోలు మందం. కొనే వైను ఫ్యాక్టరీతో రాతపూర్వకమైన ఒప్పందం లేనిదే ఒక్క మొక్క కూడా నాటవద్దు. లైసెన్సు లేకుండా అమ్మకానికి వైను తయారుచేయడం నేరమని కూడా గుర్తుంచుకొనవలెను.

సోదరులారా! షాబ్లీ రైతులు తమ చలిని శాపమనుకొని ఒకనాడు తోటలు వదిలివేశారు. ఆ చలే తమ వైనుకు పులుపును, పేరును ఇస్తున్నదని గుర్తించినవారు నిలిచి, దానితో కాపురం చేయడం నేర్చుకున్నారు. మన ఎండను, మన చలికాలపు రాత్రులను, మన ఎర్రనేలను మనం అంత శ్రద్ధగా పరిశీలించవలసి ఉన్నది. రెండేళ్లు రాత్రి వేడి లెక్క రాసి, మూడడుగుల గొయ్యి తవ్వి, ఆపైన రకం పేరు అడగండి. ఈ లెక్కలతో మా వద్దకు వచ్చినవారికి తగిన సలహా ఇవ్వడానికి మేము సిద్ధంగా ఉన్నాము.